చదువరికి కానుక

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



రజతోత్సవము జరుపుకొను ప్రతి గ్రంథాలయపు సంచికయందును దాతల పట్టిక యొకటి తప్పక యుండును. ఒకరు బీరువా నిచ్చిరి. మఱియొకరు తండ్రిగారి జ్ఞాపకార్థము ఆరు కుర్చీల నిచ్చిరి. ఒకరు గోడగడియారమును, ఒకరు దేశనాయకుల పటములను సమర్పించిరి. పుస్తకముల నిచ్చినవారి పేళ్లు రెండు పుటల నిండ నుండును. వీరందఱును స్తవనీయులే, ఇట్టివారు లేనిదే పల్లెలలో గ్రంథాలయములు పుట్టనే పుట్టవు. ఐనను ఆ పట్టికను మొదటినుండి తుదివఱకు చదివినవానికి ఒక సందేహము కలుగక మానదు. ఇందు గోడకు కానుక యున్నది, గదికి కానుక యున్నది, పుస్తకమును దాచుటకు కానుక యున్నది. చదువరికి కానుక యేది? పుస్తకమే చదువరికి కానుక కాదా యని యడుగవచ్చును. అగును. కాని పుస్తకము చేతికి వచ్చిన పిమ్మట దానిని చదువుటకు కన్ను కావలెను, వెలుతురు కావలెను, కుదురుగా కూర్చుండుటకు చోటు కావలెను. గ్రంథము బరువైనదైనచో దానిని మోయుటకు పీట కావలెను. ఇవి లేనిచోట మహాభారతమైనను బీరువాలోని బొమ్మయే.

పూర్వు లీ సంగతి నెఱిగినవారు. తాటాకు పుస్తకమును తయారుచేయుటలోనే చదువరి సౌకర్యము ఇమిడియుండెడిది. లేత ఆకులను కోసి, ఉడికించి, నీడను ఆరబెట్టి, నున్నగా రుద్ది, ఒకే కొలతకు కత్తిరింతురు. వానికి రంధ్రములు చేసి త్రాడు గ్రుచ్చుదురు. గంటముతో గీచిన అక్షరము మొదట కంటికి సరిగా కనబడదు. దీపపు మసిని నూనెతో కలిపి ఆకుపై పూసి తుడిచినప్పుడు గీతలలో నలుపు నిలిచి అక్షరము తేలివచ్చును. పైనను క్రిందను చెక్కపలకలు పెట్టి, త్రాటితో బిగించి, గుడ్డలో చుట్టి భద్రపఱతురు. ఏడాది కొకసారి కట్టలు విప్పి, గాలి సోకించి, నూనె రాసి మఱల కట్టుదురు. మన యిండ్లలో అటకలపై నుండి పొడియై రాలిపోయిన తాటాకుల కట్టలు ఎన్నియో! వానిని చెదలు తినెననుట సగము నిజము. విప్పి చదువువారు లేకపోవుట రెండవ సగము. చేయి తగులుచున్న కట్టకు పురుగు పట్టుట తక్కువ. పట్టినను వెంటనే తెలియును.

ఆ కాలమున గ్రంథదానము సామాన్యమైన దానము కాదు. పదుమూడవ శతాబ్దమున హేమాద్రి రచించిన చతుర్వర్గచింతామణి యను ధర్మనిబంధములో దానఖండమున విద్యాదాన ప్రకరణము గలదు. గ్రంథమును వ్రాయించుట, పూజించుట, దానము చేయుట అను మూడింటికిని అందు విధులు చెప్పబడినవి. వ్రాయసకాని సన్నాహము మొదలు గ్రంథము నుంచు పీఠము వఱకు అన్నియు ఆ దానమునకు అంగములే. అంతకు మూడు శతాబ్దములకు పూర్వము దానచింతామణి యని బిరుదు వడసిన అత్తిమబ్బె యను జైన సాధ్వీమణి పొన్నకవి కన్నడమున రచించిన శాంతిపురాణమునకు వేయి ప్రతులు వ్రాయించి పంచిపెట్టెను. ఆమె తండ్రి మల్లపయ్య వంశము మన వేంగీదేశమునకు సంబంధించినదే. అచ్చుయంత్రము లేని దినములలో వేయి ప్రతులన నేమి? ఎన్ని చేతులు, ఎన్ని గంటములు, ఎన్ని నెలల కూలి! అప్పటివా రొక ప్రతి నిచ్చిన దానిని చదువువాడు ఉన్నాడా లేడా యని చూచి మఱి యిచ్చెడివారు. నేడు పుస్తకము సులభముగ దొరకుచున్నది గనుక ఇచ్చుటయు సులభమైనది. ఇల్లు ఖాళీ చేయునప్పుడు బండి కెత్తి గ్రంథాలయమునకు తోలినదియు దానమే యగుచున్నది. పదేండ్లనాటి పోటీపరీక్షల పుస్తకములను ఎవరు చదువుదురో దాతకే తెలియవలెను.

సరే, చదువరికి పనికివచ్చు వస్తువులలో మొదట చెప్పదగినది వ్యాసపీఠము. పురాణకాలక్షేపము జరిగిన గ్రామములలో పెద్దలందఱును దీని నెఱుగుదురు. మహమ్మదీయ సోదరులు ఖురాను చదువునపుడు వాడెడి రిహలును ఇదియే. పేరు వేరు, పీట యొకటే. దీనిని చేయుటలో ఒక చమత్కార మున్నది. రెండు పలకలను తెచ్చి బందుతో కలిపినది కాదు. ఒకే పలకను తీసికొని, దాని నడుమ అడ్డముగా కణుపులవంటి పళ్లు చెక్కుదురు. పిమ్మట ఆ నడుమ భాగమును వదలి, పలకను ఇరుకొనల నుండియు దాని మందమున రెండుగా కోయుదురు. ఉలి సరిగా నడచినచో ఆ పలక కత్తెరవలె తెఱచుకొని నిలుచును. మూసినచో మఱల ఒకే పలక యగును. మేకు లేదు, జిగురు లేదు, ఇనుప బందు లేదు. పళ్లు వెండ్రుకవాసి తప్పినను పలక చీలిపోవును; కావుననే పనినేర్చిన వడ్రంగి కిది పరీక్షవంటిది. టేకున గాని ఇరుగుడున గాని చేసినది నాలుగు తరములు నిలుచును.

ఇంత శ్రమ యెందులకన, దాని ప్రయోజనము చదువువానికే తెలియును. పుస్తకమును ఒడిలో పెట్టుకొని చదివిన మెడ వంగును. నేలపై పెట్టి చదివిన నడుము వంగును. చేతులతో ఎత్తిపట్టిన అరగంటకే భుజములు నొచ్చును. వ్యాసపీఠముపై నుంచిన గ్రంథము చదువరి చూపునకు ఎదురుగ వాలియుండును. రెండు చేతులును తీరికగ నుండును. ఒకటి పుట త్రిప్పును, రెండవది వ్రాసికొనును. గ్రంథమునకును మేలే. ఏలయనగా పుస్తకము పూర్తిగా వెల్లకిల తెఱచినపుడు వెన్నుపై బరువు పడి కుట్టు తెగును. పీఠముపై నది సగమే తెఱచుకొనును గనుక కుట్టు నిలుచును. చేతి చెమటయు, నూనెయు పుటల కంటవు. మన గ్రంథాలయములలో నిఘంటువులకు పట్టిన దుర్గతిని చూచినచో ఈ మాట బాగుగ తెలియును. బ్రౌనుదొర తెలుగు నిఘంటువు 1852లో వెలువడెను. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో వచ్చెను. పిఠాపురము మహారాజావారి పోషణమున సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటములుగా పుట్టెను. ఇవి చదువువానికి పుస్తకము వెంబడి నుండవలసిన పరికరములు. అర్థము తెలియని మాటకడ ఆగినవాడు చేయి చాచినంతలో అందవలెను. ఆచరణలో నేమి? బరువైనవి, వెలగలవి యని బీరువా పైయరలో పెట్టి తాళము వేయుదురు. పదముకొఱకు తాళపుచెవి నడుగుటకు సిగ్గుపడి పాఠకు డా పదమును దాటిపోవును. ఒక వ్యాసపీఠము చేయించి, దానిపై నిఘంటువును తెఱచి యుంచి, చదువుగదిలో ఒక మూల పెట్టించిన దాత పది పుస్తకము లిచ్చిన దాతకంటె మిన్న.

ఇప్పుడు కన్ను సంగతి. ఇది కొంచెము నిదానించి చెప్పవలసినది. నలువది యేండ్లు దాటిన రైతు వార్తాపత్రికను చదువు తీరు నెవరైనను గమనించియే యుందురు. మొదట మామూలుగ పట్టును. పిమ్మట కొంచెము దూరము జరుపును. తుదకు చేయి పూర్తిగా చాచి, తల వెనుకకు వంచి, ఎండ పడుచోటికి నడచును. ఇంకొక రెండేండ్లకు పత్రికను మనుమని చేతికిచ్చి, చదువుమని, తాను వినును. మఱి రెండేండ్లకు గ్రంథాలయమునకు వచ్చుటయే మానును. అడిగినచో, పొలము పని యెక్కువైన దనును, చదువుపై మనసు పోవుట లేదనును. మనసు పోకయు కాదు, పని యెక్కువయు కాదు. అది చత్వారము. బాల్యమున కంటిలోని కటకము మెత్తగ నుండును. దగ్గఱి వస్తువును చూచునపుడు ఉబ్బి, దూరపు వస్తువును చూచునపుడు చదునై, అవసరమునుబట్టి మాఱును. అందుచేతనే పదేండ్ల బాలుడు పుస్తకమును ముక్కునకు ఆనించికొని చదువగలడు. ఏండ్లు గడచినకొలది ఆ కటకము గట్టిపడును. నలువది దాటునప్పటికి పదునాలుగు అంగుళముల దూరమున నున్న అక్షరము మసకబాఱును. ఇది రోగము కాదు, తల నెఱియుటవంటిది. అందఱికిని వచ్చును. కాని పల్లెలో దీనిని చూపు పోవుటగ భావించి ఊరకుండువారు ఎందఱో యున్నారు. ముఖ్యముగ స్త్రీలు. బియ్యములో రాళ్లేఱుటకును, సూదిలో దారమెక్కించుటకును పిల్లలను పిలుచునప్పుడే వారి పుస్తకపఠనము ముగిసిన దన్నమాట. భాగవతమో రామాయణమో దినమును చదివెడి ముత్తయిదువ ఒకనాడు పుస్తకమును మూసి అటకపై పెట్టించినచో ఇంటిలో నెవరును కారణ మడుగరు.

ఈ లోపమునకు మందు ఏడువందల యేండ్లనాడే కనుగొనబడినది. పదుమూడవ శతాబ్దపు తుదిని ఇటలీదేశమున కుంభాకారపు అద్దములను చట్రములో బిగించి కంటికి పెట్టుకొనుట ఆరంభమయ్యెను. ఆ దేశమున త్రెవీజో పట్టణపు మఠములో 1352లో వ్రాసిన కుడ్యచిత్రమున ఒక మతాచార్యుడు ముక్కుపై అద్దములుంచుకొని వ్రాసికొనుచున్నట్లు నేటికిని చూడవచ్చును. మన దక్షిణదేశమున విజయనగరపు రోజులలో మాధ్వగురువులైన వ్యాసతీర్థులవారు అద్దములతో గ్రంథమును చదివిన ప్రస్తావన సోమనాథకవి రచించిన వ్యాసయోగిచరితమున నున్నదని పరిశోధకులు చూపిరి. పోర్చుగీసువారు తెచ్చిన యద్దము లై యుండునని వారి ఊహ. ఊహ సరియైనచో, వృద్ధుడైన యొక పండితునకు సముద్రము దాటి వచ్చిన కానుక మఱియొక గ్రంథము గాదు. తన గ్రంథములను మఱల తనకిచ్చిన రెండు గాజుబిళ్లలు.

గ్రంథాలయము చేయదగిన దేమన, ఒక చిన్న చెక్కపెట్టెలో చత్వారపు అద్దములను కొన్నింటిని ఉంచుట. ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర పవరు గలవి రెండేసి జతలున్న చాలును. పెట్టెలో మెత్తని గుడ్డ యొకటి. వచ్చినవారు తమకు సరిపడు జతను పెట్టుకొని, చదివి, తుడిచి మఱల పెట్టెదరు. కలముల నిచ్చినట్లే, కుర్చీల నిచ్చినట్లే. వీని వెల ఒక మంచి పుస్తకపు వెలను మించదు. అద్దములు పోవునని కార్యదర్శులు భయపడవచ్చును. పోయినచో, ఒకరి ముక్కుపై నున్నవని సంతోషింపవలసినదే. అయితే ఒక హెచ్చరిక చేయుట యుక్తము. ఈ పెట్టె వైద్యునకు మాఱు కాదు. రెండు కండ్ల చూపు సమానముగ లేనివారికి దుకాణపు అద్దములు పనికిరావు. శుక్లము వచ్చినవారికి శస్త్రచికిత్స కావలెను. నీటికాసులను వ్యాధి నొప్పిలేకయే చూపును హరించును. కావున నలువది దాటిన ప్రతివారును కంటివైద్యునిచే ఒకసారి పరీక్ష చేయించుకొనవలెను. వార్షికోత్సవమునాడు నాటకమునకు పెట్టు వ్యయములో కొంత తగ్గించి, కంటివైద్యుని పిలిపించి పరీక్ష జరిపించు గ్రంథాలయము తన పాఠకులను తానే కాపాడుకొన్నట్లగును.

కన్ను తరువాత దీపము. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము పుట్టిననాడు దీపము పెద్ద సమస్యయే. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషా నిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్రభాషా నిలయమును వెలసెను. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగువారి పూనికచే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగెను. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము పుట్టెను. వీని ననుసరించి పల్లెపల్లెకును గ్రంథాలయములు లేచినవి. కాని పగలెల్ల పొలమున నుండి, మగ్గముపై నుండి వచ్చు మనుష్యునకు చదువుకొనుటకు తీరిక దొరకునది ప్రొద్దు క్రుంకిన పిమ్మటనే. నూనె లేనినాడు గ్రంథాలయము లేదు. లాంతరు చిమ్నీ పగిలిన వారమెల్ల పుస్తకములు మూతపడవలసినదే. ఆ దినములలో లాంతరునకు కిరసనాయిలు పోయించిన గృహస్థు పేరు ఏ దాతల పట్టికలోను కానరాదు. కాలిపోయిన నూనెకు శిలాఫలక మెవరు వేయింతురు?

నేడు విద్యుద్దీపములు వచ్చినవి. ఐనను చదువుగదులలో దీపము పెట్టు తీరు మాఱలేదు. గది నడుమ కప్పునకు ఒక దీపమును వ్రేలాడదీయుదురు. బల్లలను గోడల వెంబడి వేయుదురు. పాఠకుడు గోడవైపు తిరిగి కూర్చుండగనే దీపము వీపువెనుకకు పోవును; తన తలనీడయే తన పుస్తకముపై పడును. బల్లపై నొక చిన్న దీపమును ఎడమప్రక్కగ నుంచినచో, కుడిచేత వ్రాసికొనువానికి చేతినీడయు అడ్డము రాదు. పాలిపోయిన పాత ముద్రణము, చిన్న యక్షరములు గల వావిళ్లవారి ప్రతులు చదువువారికి పడుచువాండ్రకంటె ముసలివారికి ఎక్కువ వెలుతురు కావలెను. చత్వారపు అద్దములు పెట్టుకొన్నను మసక వెలుతురున అక్షరము తేలదు. దీపమును, అద్దములును జతగా నీయవలసిన కానుకలు.

బీరువాను గూర్చి రెండు మాటలు. బీరువాయే గ్రంథాలయమను భ్రమ మనలో నున్నది. అద్దపు తలుపులు, ఇత్తడి పిడి, దాత పేరు చెక్కిన ఫలకము. లోపల గాలి యాడదు. వర్షర్తువున చెమ్మ పట్టును. చెమ్మపట్టిన చోటికి వెండిపురుగు వచ్చును. వేపాకో, వసకొమ్మో, కర్పూరపు గోళీలో పెట్టినంత మాత్రమున పురుగు పోదు. పుస్తకములను నెలకొకసారి తీసి, దులిపి, గాలి సోకింపవలెను. గోడకు ఆనించక జానెడు ఎడము విడిచి, కాళ్లక్రింద రాళ్లు పెట్టి నిలుపవలెను. పుస్తకములను క్రిక్కిఱిసి పేర్చినచో తీయునపుడు తలకట్టు చినుగును. ఈ పని యెవరు చేయవలెను? దాత బీరువా నిచ్చి వెడలిపోయెను. అమెరికాదేశపు కోటీశ్వరుడు కార్నెగీ ఈ చిక్కును ముందే యూహించెను. 1883 మొదలు ఆయన ధనముతో ప్రపంచమున 2,509 గ్రంథాలయ భవనములు లేచినవి. ఆయన పెట్టిన షరతు ప్రసిద్ధమైనది. స్థలము ఊరివారే ఈయవలెను. భవనమున కిచ్చిన మొత్తములో పదవవంతు ఏటేట ఆ యూరు గ్రంథాలయ నిర్వహణకు వెచ్చింపవలెను. ఒప్పుకొనని యూరికి భవనము లేదు. కఠినమని కొంద ఱాక్షేపించిరి. కాని ఇచ్చిన వస్తువు నిలువవలెనన్న దానిని పోషించు చేయి ఒకటి ఉండితీరవలెను. మనకును 1960 నాటి గ్రంథాలయముల చట్టము ప్రకారము ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్ను చెల్లింపవలసియున్నది గనుక, ఇల్లుగల ప్రతివాడును దాతయే. దానము చేసినట్లు తెలియని దాతలు!

చిన్న వస్తువులను గూర్చియు చెప్పవలెను. చదివినచోట గుఱుతు పెట్టుట కేమి వాడుదురని చూచినచో వింతలు కనబడును. పుట మూల మడచుట అందఱికిని సులభము. పది మడతలకు ఆ మూల విఱిగి రాలును. పిల్లలు నెమలికన్ను పెట్టుదురు. అది పిల్లలు పెట్టునని దినమునకు పదిసార్లు తెఱచి చూతురు. ఆ నమ్మకమువలన పుస్తకము తెఱవబడుచున్నది గనుక దానిని ఖండింప నక్కఱలేదు. రావియాకును నీటిలో నానవైచి, పచ్చదనము పోయి ఈనెలు మిగిలినపిమ్మట ఆరబెట్టి పెట్టువారు కలరు. ఇది సొగసైనది, పుటకు హాని చేయనిది. ఇనుపపిన్ను మాత్రము కూడదు. ఒక్క వర్షర్తువులో త్రుప్పు పట్టి పుటపై ఎఱ్ఱని మచ్చ వేయును, పిదప ఆ మచ్చ కన్నమగును. చినిగిన పుటకు బజారులో దొరకు ప్లాస్టిక్ పట్టీని అంటించుటయు అట్టిదే. కొన్నియేండ్లకు పట్టీ యూడిపోవును, జిగురు మిగిలి పసుపుపచ్చనై అక్షరమును మ్రింగును. పలుచని కాగితమును పిండిజిగురుతో అంటించుటయే మేలు. బైండుచేయువారు మైదాపిండి జిగురులో మైలుతుత్తము కలుపుట పురుగు చేరకుండుటకే. అది విషము గనుక పిల్లల చేతి కందనీయరాదు. సూది, దారము, గుడ్డ, అట్ట, జిగురు, పదునైన కత్తి, ఒక చిన్న చెక్కబిగింపు. వీనినెల్ల ఒక పెట్టెలో పెట్టి గ్రంథాలయమున కిచ్చి, ఊరిలోని ఇద్దఱు కుఱ్ఱవాండ్రను పట్టణమునకు పంపి పదిరోజులు బైండుపని నేర్పించినచో, ఆ కానుకవలన వందల పుస్తకములు మఱల లేచి నడచును.

గ్రంథాలయమునకు రాలేనివారి మాట యేమి? మన పెద్దలు పుస్తకమునే వారికడకు పంపిరి. 1931లో తంజావూరు జిల్లా మన్నారుగుడి ప్రాంతమున పుస్తకములు ఎడ్లబండి యెక్కి ఊరూర తిరిగెను. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో గుంటూరు మండలమున పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పడవ గ్రంథాలయము నడచెను. నేడు కాలువలలో అట్టి ప్రయాణములు లేవు. ఒక సైకిలు, రెండు గట్టిగుడ్డ సంచులు ఉన్న చాలును. వారమున కొకసారి ఇంటింటికిని పుస్తకము పోవును. ఇల్లు కదలలేని వృద్ధులకు, బాలింతలకు, పత్తిపనినుండి వచ్చి వంటలో మునుగు స్త్రీలకు ఆ సంచియే గ్రంథాలయము.

చూపే లేనివారి సంగతి మిగిలియున్నది. వారికి బ్రెయిలు లిపి గలదు. భారతీయ భాషల కన్నింటికిని సమానముగ పనికివచ్చునట్లు అది 1951లో స్థిరపఱుపబడెను. అంధులకొఱకు గ్రంథములను మార్చి యిచ్చుటకు రచయితల హక్కులు అడ్డు రాకుండ 2013లో మరాకెష్ నగరమున ఒక ఒడంబడిక కుదిరెను. దానిని 2014లో అన్ని దేశములకంటె ముందు ఆమోదించినది మన భారతదేశమే. నేటి చేతిఫోనులు పుస్తకమును చదివి వినిపింపగలవు, అక్షరమును కోరినంత పెద్దది చేసి చూపగలవు. ఐనను యంత్రము తెలుగు పద్యమును చదువు తీరు వినినవారికి, మనుష్యుని కంఠమునకు గల విలువ తెలియకపోదు.

1914లో బెజవాడలో జరిగిన ఆ మొదటి గ్రంథాలయ మహాసభకు అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. వారికి చిన్ననాటినుండియు రేచీకటి. పిమ్మట చూపు పూర్తిగా పోయెను. ఇతరులు చదువగా వినుచు, తాము చెప్పగా ఇతరులచే వ్రాయించుచు, నవలలును, నాటకములును, ప్రహసనములును, స్వీయచరిత్రమును ఆంధ్రులకు ప్రసాదించిరి. వారి యెదుట కూర్చుండి పుటలు త్రిప్పుచు చదివి వినిపించినవారి పేళ్లు నేడు చాలమందికి తెలియవు. ప్రతి గ్రామమునను అట్టి శ్రోత యొకడు, ఒకతె యుందురు. సాయంకాలము ఒక గంట వారికడ కూర్చుండి చదువుటకు ఒప్పుకొన్న విద్యార్థి యెవడైనను ఉన్నచో, రాబోవు సంచికలోని దాతల పట్టికలో వాని పేరును చేర్చవచ్చును. రూపాయల గడిలో గంటలు వ్రాసినచో సరిపోవును.